అమ్మ స్మృతి సంచికలో ఆమె మలివయసు ప్రేమను ఎలా రాయాలి?

ప్రశ్న: పద్మారావునగర్ నుంచి, కుమార్తె

అందరికీ నమస్కారం. మా అమ్మగారి సంవత్సరీకం వచ్చే మాఘమాసంలో ఉంది. ఆ రోజు వచ్చే బంధువులకూ, ఆమె దగ్గర చదువుకున్నవారికీ ఇవ్వడానికి ఒక చిన్న స్మృతి సంచిక అచ్చు వేయిద్దామని అన్నయ్యా నేనూ అనుకున్నాము. కూర్పు బాధ్యత నాది. అమ్మ బాల్యం, వివాహం, ఉద్యోగం, మా చదువులు, శిష్యులు రాసి పంపిన జ్ఞాపకాలు అన్నీ సిద్ధమయ్యాయి. ఆమె చివరి దశాబ్దం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో మాట కుదరడం లేదు.

అరవై దాటిన వయసులో అమ్మ ఒక వ్యక్తిని ప్రేమించింది. ఈ మాటను చుట్టూ తిప్పకుండా చెప్పాలనే నా కోరిక. ఆమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండిట్‌గా పనిచేసి 2011లో పదవీ విరమణ చేశారు. నాన్నగారు అంతకు చాలా ముందే, సర్వీసులో ఉండగానే పోయారు. తీరిక దొరికాక అమ్మ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పద్యనాటకాలు చూడటానికి వెళ్లడం అలవాటు చేసుకున్నారు, అక్కడే బాబాయిగారు పరిచయమయ్యారు. మేము ఆయనను అలాగే పిలుస్తాము. ఆయన సికింద్రాబాద్ రైల్ నిలయంలో పనిచేసి రిటైరైనవారు, భార్య పోయి చాలాకాలమైంది. ఇద్దరివీ దగ్గర దగ్గర ఇళ్లు కావడంతో ప్రదర్శన ముగిశాక ముషీరాబాద్ మీదుగా ఒకే ఆటోలో తిరిగి వచ్చేవారట. ఆ రోజు నటుడు పద్యాన్ని ఎక్కడ తప్పుగా విరిచాడు, రాగం సాగదీయాలన్న సరదాలో అర్థాన్ని ఎక్కడ మింగేశాడు అన్న వాదనలతో మొదలైన ఆ స్నేహం, కొన్నేళ్లకు, ఆయన రాకపోతే అమ్మ నాటకానికే వెళ్లని స్థితికి వచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి నగరమంతా తలుపులు వేసుకున్నప్పుడు, ఆమె ఇక్కడా ఆయన వారాసిగూడలోనూ, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండి కూడా కలుసుకోలేక, పొద్దునా సాయంత్రమూ ఫోనులో పద్యాలు వినిపించుకున్నారు. ఆంక్షలు సడలిన తరువాత, ఇక ఒకే ఇంట్లో ఉంటామని ఇద్దరూ కలిసి మాకు చెప్పారు. అడగలేదు, చెప్పారు, అమ్మ స్వభావం తెలిసినవారికి ఆ తేడా అర్థమవుతుంది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. నాన్నగారి మీద వచ్చే కుటుంబ పింఛను ఆగిపోతుందన్నది ఒక కారణమైతే, రెండు వైపుల పిల్లల మధ్య ఆస్తి మాట రాకూడదన్నది ఆమె చెప్పిన మరో కారణం. మూత్రపిండాల జబ్బు ముదిరి వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమైన చివరి కాలంలో వెంట తీసుకువెళ్లి తీసుకువచ్చింది ఆయనే. తాగే నీళ్లు కొలిచి ఇవ్వడం, కూరముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండటం, ఇవన్నీ ఆ వయసులో ఆయన కొత్తగా నేర్చుకున్నారు.

అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. అతనికి బాబాయిగారంటే గౌరవమే, ఇప్పటికీ వారం వారం ఫోను చేస్తాడు. అయితే సంచికలో ఆయన ప్రస్తావన వద్దంటున్నాడు. మేనత్తలు నొచ్చుకుంటారనీ, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటారనీ, కృతజ్ఞతల పేజీలో ‘కుటుంబ మిత్రులు’ అని ఒక వరుస వేస్తే చాలనీ అతని ఉద్దేశం. అమ్మ ఎంతో ఉత్సాహంగా బతికిన సంవత్సరాలను ఒక్క వరుసలో సర్దేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఈ భాగాన్ని ఎవరి మనసూ కష్టపెట్టకుండా, అబద్ధం లేకుండా ఎలా రాయాలి? ఆ రోజున ఆయనను ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇలాంటి పరిస్థితి ఎదుర్కొన్నవారు చెప్పగలరు.

సమాధానం: మల్కాజిగిరి నుంచి, ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన ఉద్యోగి

అమ్మా, మీ అమ్మగారు చెప్పిన పింఛను కారణం నిజమైనదే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి మరణించినప్పుడు భార్యకు వచ్చే కుటుంబ పింఛను ఆమె మరణించే వరకో, మళ్లీ వివాహం చేసుకునే వరకో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. 1980 నాటి పింఛను నిబంధనల్లో ఉన్న ఈ షరతు తెలంగాణలోనూ కొనసాగుతోంది. ప్రైవేటు సంస్థల్లో పనిచేసినవారి భార్యలకు 1995 ఉద్యోగుల పింఛను పథకం కింద వచ్చే పింఛనుకూ ఇదే నియమం. ఏటా జీవన ధ్రువపత్రంతో పాటు, తాము పునర్వివాహం చేసుకోలేదని కూడా ఈ స్త్రీలు రాసివ్వాలి. డెబ్బై ఏళ్ల ముదుసలి వణికే చేత్తో ఆ కాగితం మీద సంతకం చేస్తుంటే బల్లకు ఇవతల కూర్చున్న నాకు ప్రతిసారీ ఇబ్బందిగానే ఉండేది. మీ అమ్మగారి సొంత సర్వీసు పింఛనుకు వివాహంతో సంబంధం లేదు. ఆగిపోయేది నాన్నగారి మీద వచ్చేది మాత్రమే.

అందువల్ల మీకు నా సలహా ఒకటే. సంచికలో ఎక్కడా ఆయనను భర్త అని గానీ, వారు వివాహం చేసుకున్నారని గానీ, దండలు మార్చుకున్నారని గానీ ధ్వనించే మాట రాయవద్దు. అది వాస్తవం కాదు, పైగా తీసుకున్న పింఛను గురించి రేపు అనవసరమైన ప్రశ్నలకు తావిస్తుంది. కలిసి జీవించారని రాయడానికి ఏ అడ్డంకీ లేదు. యుక్తవయస్సు వచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసింది.

మీరు అడగకపోయినా మరొక విషయం. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారి ఆస్తి మీ అన్నాచెల్లెళ్లిద్దరికీ సమానంగా వస్తుంది, ఆయనకు చట్టరీత్యా ఏమీ రాదు. ఆమె పుస్తకాలో, వాడిన కళ్లజోడో, వారిద్దరూ కలిసి కొనుక్కున్న వస్తువులో ఏవైనా ఆయన దగ్గర ఉంచుకోవాలనుకుంటే నోరు తెరిచి అడగలేరు. మీరే ముందుగా అడగండి. ఆయన ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటూ ఉంటే, ఎంతకాలం ఉండవచ్చో మీరిద్దరూ కాగితం మీద రాసి ఇవ్వండి.

సమాధానం: నల్లకుంట నుంచి, ఒక పాఠకుడు

మీ అన్నయ్యగారి పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. అచ్చులోకి వెళ్లిన మాటను వెనక్కి తీసుకోలేము. సంచిక చదివేవారిలో అమ్మగారితో చనువున్నవారు ఉంటారు, దూరపు బంధువులు ఉంటారు, ఆమెను టీచరమ్మగా తప్ప మరో విధంగా ఎరగనివారూ ఉంటారు. ఆమె తన జీవితంలోని ఈ భాగాన్ని ఎవరెవరికి స్వయంగా చెప్పుకున్నారన్నది చూడండి. బంధువుల ముందు గుట్టుగా ఉంచి ఉంటే, ఆమె మూసి ఉంచిన తలుపును మన ప్రేమకొద్దీ మనం తెరవడం న్యాయమవుతుందా? బతికి ఉన్నవారి మొహమాటం కంటే పోయినవారి ఇష్టం ముఖ్యమని నా నమ్మకం. అది ఏ వైపుకు మొగ్గుతుందో మీకే తెలుస్తుంది. మీ మేనత్తల నొప్పిని కూడా తేలికగా తీసుకోవద్దు. వారు కోల్పోయినది తమ్ముణ్ణి. ఆయన స్థానం చెదరలేదని సంచికలోనే వారికి కనిపించాలి.

సమాధానం: విద్యానగర్ నుంచి, చరిత్ర అధ్యాపకురాలు

ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఉన్న కందుకూరి వీరేశలింగం గారిని చూసినప్పుడల్లా మనం విధవా పునర్వివాహాల సంగతి ఎప్పుడో తేల్చుకున్న జాతి అని అనుకుంటాము. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, అందుకు వీలు కల్పించే చట్టం వచ్చి అప్పటికే పాతికేళ్లయింది. అయినా ఊరు వెలివేసింది. వంటవారు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే వండి వడ్డించారు. ఆ వధువు చిన్నపిల్ల. ఆనాటి వాదన అంతా ఏమీ ఎరుగని పసిపిల్లలకు జీవితాంతం శిక్ష ఎందుకన్న కరుణ మీద నడిచింది, ఆ కరుణ గొప్పదే. మీ అమ్మగారి విషయంలో ఆ వాదన పనికిరాదు. ఆమెకు ఉద్యోగం ఉంది, పింఛను ఉంది, పిల్లలు స్థిరపడ్డారు, ఎవరూ జాలిపడవలసిన అవసరం లేదు. ఆమెకు ఒక మనిషి నచ్చాడు, అంతే. నిస్సహాయురాలైన స్త్రీకి ఆసరా దొరికితే సంతోషించే మన సమాజానికి, ఏ లోటూ లేని స్త్రీ కేవలం ఇష్టం కొద్దీ ఒకరిని ఎంచుకుంటే ఏమనాలో ఇప్పటికీ తోచదు. మీ ఇంట్లో ఇబ్బంది కూడా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ‘ఒంటరితనం భరించలేక’, ‘చూసుకునేవారు లేక’ వంటి మాటలతో ఆ భాగాన్ని మొదలుపెట్టి అందరినీ ఒప్పించాలని మీకు అనిపించవచ్చు. దయచేసి అలా రాయకండి. అది ఆమెను చిన్నబుచ్చడమే అవుతుంది.

పైన ఖజానా ఉద్యోగిగారు చెప్పిన పింఛను షరతు వెనుక ఒక పాత ఆలోచన ఉంది. వితంతు వివాహాలకు వీలు కల్పించిన ఆ 1856 చట్టమే, మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందని తన రెండో సెక్షనులో రాసింది. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు గానీ, ఆ ఆలోచన పింఛను నిబంధనల్లో మిగిలిపోయింది. వారు పెళ్లి ఎందుకు చేసుకోలేదో సంచికలో ఒక వాక్యంలో చెబితే, చాటుమాటు వ్యవహారం అనుకునేవారి నోళ్లు మూతపడతాయి.

సమాధానం: వనస్థలిపురం నుంచి, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఒక కుమార్తె

మా అమ్మ కూడా డెబ్బైకి దగ్గరవుతున్న వయసులో ఒక విశ్రాంత అధ్యాపకుడితో జీవితం పంచుకుంది. ఆమె పోయాక మేమూ ఇలాంటి పుస్తకం ఒకటి తెచ్చాము కాబట్టి, పని జరిగిన తీరు వివరంగా చెబుతాను.

ఆ సంవత్సరాల గురించి నేను రాయలేదు, మాస్టారిగారినే రాయమన్నాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. తనకు ఆ అర్హత లేదన్నారు. అప్పుడు నేను రాయమని అడగడం మానేసి, ఫోనులో రికార్డు పెట్టి, ఒక్కో సాయంత్రం ఒక్కో చిన్న ప్రశ్న వేశాను: అమ్మ పొద్దున్నే లేచి మొదట ఏం చేసేది, దేనికి నవ్వేది, మీరిద్దరూ దేని మీద పోట్లాడుకునేవారు అని. వాటికి వచ్చిన జవాబుల్లో నాకు తెలియని మా అమ్మ కనిపించింది. ఉదాహరణకు, కాకరకాయ పులుసు అంటే ఆమెకు ప్రాణమట. మా ఇంట్లో చేదు ఎవరూ తినేవారు కాదు, అందుకని నా చిన్నతనంలో ఆ కూరే వండలేదు, వండలేదన్న సంగతి కూడా మాకు తెలియదు. ఆయన ఇంట్లో వారానికోసారి వండుకుని తృప్తిగా తినేదట. మెట్రో రైలు వచ్చిన కొత్తలో ఎస్కలేటరు అంటే భయపడి, జనం లేని మధ్యాహ్నం వేళ ఎల్బీనగర్ స్టేషనుకు వెళ్లి ఆయన చేయి పట్టుకుని ఎక్కడం నేర్చుకుందట. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకుపచ్చ అంచున్న పసుపు చీర కొనుక్కుని, ఎవరేమంటారో అని నెల రోజులు బీరువాలోనే ఉంచి, చివరకు ఏ పండగా లేని రోజున కట్టుకుందట. ఈ సంగతులు మరెవరికీ తెలియవు. మీ బాబాయిగారి దగ్గరా ఇటువంటివి ఉంటాయి, మీ అమ్మగారి జీవితంలో ఆ కాలానికి ఆయనే ఏకైక సాక్షి. ఆయన వయసు కూడా గుర్తుంచుకోండి, సంచిక సంగతి తేలేవరకు ఆగకుండా ముందు ఆయన మాటలు నమోదు చేయండి.

అమరిక విషయంలో మేము కాలక్రమాన్నే నమ్ముకున్నాము. నాన్నగారి అధ్యాయం నిండుగా, ఏ తగ్గింపూ లేకుండా రాశాము. మా పెద్ద మేనత్తతోనే ఆయన యౌవనం గురించి రెండు పేజీలు చెప్పించి రాసుకున్నాము. తన తమ్ముడి గురించి తన మాటలు అచ్చులో ఉన్నాయన్న తృప్తితో ఆమె మిగతా పుస్తకాన్ని శాంతంగా చదివింది. ఆమెకు అన్నీ నచ్చాయని చెప్పను. ఒక ఫొటో గురించి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. మాస్టారిగారి పేజీలు ఆ తరువాత, ఆయన పేరుతో, ఆయన మాటల్లోనే వచ్చాయి. ఇద్దరినీ పోల్చే వాక్యం ఒక్కటి కూడా పుస్తకంలో లేకుండా చూసుకున్నాము. ‘చివరకు సుఖపడింది’ అన్న మాట ఒక స్నేహితురాలి వ్యాసంలో ఉంటే, ఆవిడతో మాట్లాడి తీసేయించాము, ఎందుకంటే ఆ ఒక్క మాటతో మా నాన్నగారితో గడిచిన జీవితమంతా దుఃఖమైపోతుంది. మీరు శిష్యుల వ్యాసాలను ఈ దృష్టితో మరోసారి చదవండి.

ఫొటోల కింద రాసేది కూడా ఆలోచించండి. మేము ఊరు, సంవత్సరం, ఉన్నవారి పేర్లు మాత్రమే ఇచ్చాము.

సమాధానం: ఈసీఐఎల్ నుంచి, డెబ్బై దాటిన ఒక పెద్దాయన

తల్లీ, నేను మీ బాబాయిగారి స్థానంలో ఉన్నవాడిని. నాతో కొన్నేళ్లు కలిసి ఉన్నావిడ రెండేళ్ల క్రితం కాలం చేసింది. ఈ నగరంలో 2010 నుంచి తోడునీడ వంటి సంస్థ పెద్దవయసువారిని కలుపుతోంది, పార్కుల్లో, గుళ్లలో, గానసభల్లో తమంతట తాము కలిసినవారూ ఎందరో ఉన్నారు. కాబట్టి ఇకముందు చాలా కుటుంబాలకు మీ ప్రశ్న ఎదురవుతుంది.

కూర్చోబెట్టే విషయం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. కర్మ చేసే అధికారం మీ అన్నయ్యగారిది, అందులో ఎవరూ జోక్యం చేసుకోరు, మీ బాబాయిగారు కూడా కోరుకోరు. ఆయనకు బాధ కలిగించేది వేరే. వచ్చినవారు కొడుకునూ కూతురునూ పలకరించి, ఓదార్చి, పక్కనే ఉన్న ఆయనను దాటి వెళ్లిపోతారు. భార్య పోయిన మనిషి దగ్గర ఏం మాట్లాడాలో లోకానికి తెలుసు, నావంటివాడి దగ్గర ఏం మాట్లాడాలో తెలియదు. మా ఆవిడ పెద్దకొడుకు ఆ రోజున నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘వీరు అమ్మతో ఉన్నవారు’ అని పరిచయం చేశాడు. అంతకంటే ఎక్కువ ఏమీ చెప్పలేదు. ఆ తరువాత వచ్చినవారు నాకూ నమస్కారం పెట్టి, నాతోనూ ఆమె గురించి మాట్లాడారు. భోజనాల దగ్గర కూడా నన్ను బయటి పంక్తికి పంపకుండా ఇంటివారితోనే వడ్డించారు.

మరొకటి, మీ పురోహితులవారిని అడిగి తెలుసుకోండి. మహాలయ పక్షంలో వదిలే తర్పణాల్లో తల్లిదండ్రులు, తాతముత్తాతలతో పాటు గురువు, మిత్రుడు వంటి ఆప్తులను కూడా తలుచుకునే పద్ధతి ఉంది. నేను ఏటా మా ఆవిడ పేరు అక్కడ చెప్పి నువ్వులూ నీళ్లూ వదులుతున్నాను. ఎవరి అధికారానికీ అడ్డురాని విధంగా ఆమెకు ఏదో ఒకటి చేయగలుగుతున్నానన్న ఊరట నాకు చాలా పెద్దది. మీ బాబాయిగారికి ఈ సంగతి తెలియకపోతే మీరు చెప్పండి. మీ నోటి నుంచి వస్తే దానికి ఉండే విలువ వేరు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. నల్లకుంట నుంచి రాసినవారు వేసిన ప్రశ్నకు జవాబు నాకు వెంటనే దొరికింది. అమ్మ గుట్టుగా ఏమీ ఉంచలేదు. తన శిష్యుల పెళ్లిళ్లకు ఇద్దరూ కలిసే వెళ్లేవారు, ‘నేనూ ఈయనా కలిసి ఉంటున్నాము’ అని తానే చెప్పేది. 2022లో మా చిన్న మేనత్త మోకాలి ఆపరేషను తరువాత కోలుకుంటున్నప్పుడు బాబాయిగారిని వెంటపెట్టుకుని వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చింది కూడా. ఈ సంగతి అన్నయ్యకు గుర్తు చేస్తే, అత్తయ్యతో తానే మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు. నాన్నగారి కాలేజీ రోజుల గురించి అత్తయ్య చెబుతుందట, నేను వచ్చే ఆదివారం వెళ్లి రాసుకుంటాను. పెద్దత్తయ్య మాత్రం ఇంకా ఏమీ అనలేదు. ఆమెకు సమయం ఇవ్వాలనుకుంటున్నాము.

‘ఒంటరితనం భరించలేక’ అన్న మాట నా చిత్తుప్రతిలో అక్షరాలా ఉంది. తీసేశాను. బాబాయిగారు రికార్డింగుకు ఒప్పుకున్నారు గానీ, తన గురించి కాకుండా అమ్మ పద్యం చదివే తీరు గురించి మాత్రమే చెబుతానని షరతు పెట్టారు. అక్కడి నుంచే మొదలుపెడుతున్నాము. వనస్థలిపురం అక్కయ్యగారిని ఒక్కటి అడగాలి: మాస్టారిగారి మాటలను మీరు ఆయన చెప్పిన వాడుక భాషలోనే ఉంచారా, లేక దిద్ది రాశారా? అచ్చు వేసేవారికి పుష్యమాసం చివరికల్లా ప్రతి అందజేయాలి, అందుకే తొందరపెడుతున్నాను.

వనస్థలిపురం నుంచి

ఆయన చెప్పినట్లే ఉంచామండీ. ఒకే సంగతి రెండుసార్లు వచ్చిన చోట ఒకటి తీసేశాము, ఒకచోట ఆయన సంవత్సరం పొరపాటుగా చెబితే ఆయనకే చూపించి సరిచేశాము. అచ్చుకు ముందు మొత్తం ఆయనకు చదివి వినిపించండి, ఏదైనా వద్దంటే కారణం అడగకుండా తీసేయండి. మీ మేనత్త పేజీలకు కూడా ఇదే పద్ధతి పాటించండి.